అద్దాల తొట్టిలో వేటగాడు.. పెరిగాక ఏటికేనా?

చంద్రాపూర్: బొటనవేలంత పిల్ల. నల్లటి ఒంటి మీద నారింజ రంగు మరకలు. గాజు మీద వేలు పెడితే చాలు, వేలు ఎటు జరిగితే అటు తిరుగుతుంది. పిల్లలు ముచ్చటపడి అక్కడే నిలబడిపోతారు. పేరు ఆస్కార్. 'ఎంత పెరుగుతుంది?' అని అడిగితే దాదాపు ప్రతి దుకాణంలో వినిపించే జవాబు ఒకటే.. 'తొట్టి ఎంతుంటే అంతే పెరుగుతుంది అన్నా!'

ఈ మాట నమ్మి రెండేళ్ల కిందట ఈ విలేకరి కూడా ఒక పిల్లను ఇంటికి తెచ్చాడు. బిడ్డ పుట్టినరోజు కానుక. రెండడుగుల తొట్టి, అడుగు వెడల్పు, అడుగు లోతు. లెక్కకు 57 లీటర్లు. గులకరాళ్లు, ప్లాస్టిక్ మొక్క పోనూ నికరంగా 50 ఉంటాయో లేదో. ఆరు నెలలు తిరిగేసరికి చేప అరచేతిని దాటింది. ప్లాస్టిక్ మొక్కను పీకేసింది. తోడుగా వేసిన నాలుగు గప్పీలు మొదటి వారంలోనే మాయం. వాటిని ఎవరు మింగారో బిడ్డకు చెప్పలేక, 'దుకాణంలో ఇచ్చేశాం' అని అబద్ధం ఆడాల్సి వచ్చింది. ఏడాదికల్లా ఆ చేప తొట్టిలో వెనక్కి తిరగాలంటే ఒళ్లు వంచుకోవాల్సిన స్థితి.

తొట్టిని బట్టి చేప పెరగడమన్నది ఒట్టి మాట. ఆస్కార్ బాగా ఉంటే అడుగు దాకా పెరుగుతుంది. ఇరుకు తొట్టిలో ఎదుగుదల ఆగిందంటే, అది తొట్టికి తగ్గట్టు సర్దుకుపోయిందని కాదు, జబ్బు పడిందని. రెట్టలు, మిగిలిన మేత కుళ్లి నీళ్లలో అమ్మోనియా పెరుగుతుంది. తల మీద గుంటలు పడతాయి, తిండి మానేస్తుంది. మనమేమో 'చిన్నగానే ఉంది' అని సంబరపడతాం.

ఇట్లాంటి వేట చేపలంటే మన దగ్గర మోజు బాగానే ఉంది. ఫ్లవర్‌హార్న్ తల మీద బుడిపె ఎంత పెద్దదైతే అంత అదృష్టమట. అరోవానా ఇంట్లో ఉంటే డబ్బు నిలుస్తుందట. చైనా వాళ్ల డ్రాగన్‌ను పోలి ఉందని తూర్పు ఆసియాలో పుట్టిన నమ్మకం అది. మనదాకా వచ్చేసరికి వాస్తులో కలిసిపోయి ఈశాన్యం మూలకు చేరింది. నమ్మకాలను తప్పుపట్టేందుకు కాదుగానీ, ఫ్లవర్‌హార్న్ అసలు ఏ నదిలోనూ పుట్టలేదు. 1990ల్లో మలేసియాలో రకరకాల చేపలను కలిపి పెంపకందారులు తయారు చేసిన సంకరం. ఇక మామూలుగా కనిపించే వెండి అరోవానా సొంతూరు అమెజాన్. అక్కడ మూడడుగుల దాకా పెరుగుతుంది. నీటి పైనున్న కొమ్మల మీది పురుగుల కోసం ఎగిరి దూకే జాతి. హాల్లో నాలుగడుగుల తొట్టిలో మూత లేకుండా పెడితే ఏమవుతుందో వేరే చెప్పాలా?

సీసాలో కొర్రమట్ట

వేట చేపను ఇంట్లో పెట్టుకోవడం కొత్తగా వచ్చిన పట్నం సోకేమీ కాదు. బల్లార్‌పూర్ బొగ్గు గని క్వార్టర్లలో పెరిగిన మా ఈడు వాళ్లలో కొర్రమట్టను సీసాలో పెట్టనివాడు ఉండడు. కోస్తావాళ్లు కొర్రమీను అంటారు, మన ఆదిలాబాద్, కరీంనగర్ వైపు కొర్రమట్ట, కొన్నిచోట్ల బొమ్మె. ఇక్కడి మరాఠీవాళ్లకు మరళ్. పేరు ఏదైతేనేం, బాపుకు జీతం వచ్చిన ఆదివారం ఇంట్లో కూర మాత్రం అదే.

వానాకాలం తొలి వరదకు మడుల్లోకి చేపలు ఎక్కేవి. తువ్వాల రెండు కొసలు ఇద్దరం పట్టుకుని గండి దగ్గర అడ్డం పెడితే మట్టగిడసలు, జెల్లలు, అదృష్టం ఉంటే జానెడు కొర్రమట్ట పిల్ల. ఒకసారి అట్లా దొరికిన పిల్లను హార్లిక్స్ సీసాలో వేసి, చాలదనిపించి ఇంట్లో ఉన్న చిన్న గాజు తొట్టిలోకి మార్చాను. అందులో అప్పటికే రెండు బంగారు చేపలు ఉండేవి. తెల్లారి చూస్తే అవీ లేవు, కొర్రమట్టా లేదు. అవ్వ కసువు ఊడుస్తుంటే గుమ్మం పక్కన చీపురు కిందికి వచ్చింది, ఒళ్లంతా దుమ్ము. చచ్చిందనుకుని తీయబోతే ఎగిరింది!

బాపు నవ్వాడు. "నీళ్లల్లనే బతుకుతదనుకున్నవార? అది గాలి పీల్చే చేపరా. మూత పెట్టకుంటె పొలం ఎతుక్కుంటు పోతది."

బాపు చదవని జీవశాస్త్రం అది. కొర్రమట్టకు మొప్పల పైన గాలి పీల్చుకునే ప్రత్యేక గదులు ఉంటాయి. ఎంత నీళ్లున్నా సరే, అప్పుడప్పుడూ పైకి వచ్చి గాలి మింగాల్సిందే. పైకి రానీయకుండా ఆపితే నీళ్లలోనే ఊపిరాడక చస్తుంది. అందుకే మడుగు ఎండినా బురదలో బతుకుతుంది, తడి నేల మీద పాకుతూ పక్క గుంటకు పోతుంది. బజారులో గంటల తరబడి తట్టలో ప్రాణంతో ఉండేదీ అందుకే. తెలంగాణ ప్రభుత్వం 2016లో రాష్ట్ర చేపగా ఎంచుకున్నది దీన్నే.

ఇంకో సంగతి. వానాకాలంలో చెరువు అంచున ఎర్రటి ముద్ద ఒకటి నీటి మీద కదులుతూ కనిపిస్తుంది. అది కొర్రమట్ట పిల్లల గుంపు. అవి నారింజ ఎరుపులో ఉంటాయి. కింద తల్లీతండ్రీ కాపలా. దగ్గరికి ఏది వచ్చినా మీద పడతాయి. ఆ గుంపును గంపతో ఎత్తడం పిల్లలకు ఆట, పెద్దలకు బేరం. అసలు నష్టం పెద్ద చేపకు గాలం వేసినప్పుడు. కాపలా పోయిందంటే ఆ గుంపులో ఎన్ని మిగులుతాయి? ఒక కూర కోసం ఒక తరం పోయినట్టే.

ఏటి చేప, ఫారం చేప

తొట్టిలో పెంచేవాళ్లలో రెండు జట్లు ఉన్నాయి. ఏటిలోంచి పట్టిన చేపే గట్టిది, రంగు దానిదే, పొగరు దానిదే అనేది ఒక జట్టు. ఫారంలో పుట్టిన చేపే నయం అనేది రెండోది.

ఏటి చేపకు మొదటి చిక్కు తిండి. పుట్టినప్పటి నుంచి కదిలేదాన్నే పట్టి తిన్న జీవి అది. గుండ్రటి ఎండు మేతను తిండి అనుకోదు. వారాల తరబడి పస్తుంటుంది. చూడలేక మనం చిన్న బంగారు చేపలను కొని వేస్తాం. అది మరీ తప్పు. బంగారు చేప మాంసంలో బీ1 విటమిన్‌ను విరిచేసే పదార్థం ఉంటుంది, అదే పనిగా మేపితే వేట చేప నీరసించి పోతుంది. పైగా దుకాణంలో కిక్కిరిసిన తొట్టిలో ఉన్న ఆ చవక చేపల వెంట రోగాలు ఉచితం. వానపాములు, రొయ్య ముక్కలు, చేప ముక్కలు పుల్లకు గుచ్చి ఆడిస్తూ మొదలుపెట్టి, మెల్లగా ఎండు మేతకు మళ్లించాలి. నెల పట్టొచ్చు. కొన్ని ఎప్పటికీ మళ్లవు.

రెండో చిక్కు వెంట వచ్చేవి. చేపపేను, ఒంట్లోకి కొక్కెంలా దిగే పురుగు, కడుపులో నులిపురుగులు. చెరువులో పలచగా ఉన్నప్పుడు చేప తట్టుకుంటుంది. తొట్టిలో వాటికి ఇంకో ఆధారం లేదు కాబట్టి అన్నీ ఆ ఒక్క ఒంటి మీదే. 1988లో మన దేశంలోకి వచ్చిన పుండ్ల జబ్బు దెబ్బ ఎక్కువగా తగిలింది కూడా కొర్రమట్ట జాతికే. చేపల పనివాళ్లలో పాతవాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఒళ్లంతా ఎర్రటి పుండ్లతో తేలిన చేపలు. అందుకే ఏటి చేప తెచ్చినా, దుకాణం చేప తెచ్చినా మూడు నాలుగు వారాలు వేరే తొట్టిలో ఉంచాకే అసలు తొట్టిలోకి. ఈ పని మన దగ్గర చేసేవాళ్లు తక్కువ. రెండో తొట్టి ఎక్కడ పెట్టాలని ఇంట్లోవాళ్లు అడుగుతారు మరి!

ఫారం చేపకు ఈ బాధలు తక్కువ. చిన్నప్పటి నుంచే తేలే మేతకు అలవాటు పడి ఉంటుంది. మనిషిని చూస్తే మూలకు దాక్కోదు. దుకాణాల్లో కనిపించే ఆస్కార్లు దాదాపు అన్నీ ఫారం సరుకే. దేశంలో రంగు చేపల పెంపకానికి చెన్నైలోని కొళత్తూరు, కోల్‌కతా చుట్టుపక్కల ఊళ్లు పేరు మోసినవి. కొర్రమట్ట పిల్లలను కూడా ఇప్పుడు హేచరీల్లో పుట్టించి మేతకు మరిపి అమ్ముతున్నారు. ఒకదాన్ని ఒకటి మింగకుండా వారం వారం సైజు చూసి వేరు చేయడమే అందులో పెద్ద పని. అన్నదమ్ములని చూడవవి.

ఇక ఈశాన్యం వైపు కథ వేరు. అస్సాం, అరుణాచల్‌లో కొర్రమట్ట చుట్టాలున్నాయి. నీలం చుక్కలు, నారింజ మచ్చలు. బర్కా అనే రకం బ్రహ్మపుత్ర చిత్తడి నేలల్లో బొరియల్లో ఉంటుంది. విదేశీ తొట్టెల కోసం వీటిని ఎక్కువగా బయటి నీళ్లలో పట్టే అమ్ముతారు. అక్కడి గుంటలో ఎన్ని మిగిలాయో ఇక్కడ తొట్టి ముందు కూర్చున్నవాడికి కనిపించదు.

ఇంతా చూశాక ఒకటి అనిపిస్తుంది. ఏటి చేపతో ఇంటికి తిప్పలు, ఏటికి లోటు. ఫారం చేపతో ఇంటికి సుఖమే.. కానీ అది తొట్టి దాటి ఏట్లో పడితే? తిప్పలన్నీ ఏటికి. ఆ సంగతికి ముందు, పేర్ల మోసం ఒకటి చెప్పాలి.

షార్క్ కాదు.. ఫంగస్!

'షార్క్' అని చిన్న పిల్లలను అమ్ముతారు. వెండి మెరుపు, వీపు మీద నిక్కిన రెక్క, గుంపుగా అటూ ఇటూ ఈదుతుంటే నిజంగానే సినిమాలో సొరచేపలా ఉంటుంది. అది మన చేపల బజారులో కిలోల లెక్కన దొరికే ఫంగస్ చేప పిల్ల. మెకాంగ్ నది దేశాల చేప, 1990ల మధ్యలో బంగ్లాదేశ్ మీదుగా బెంగాల్‌కు, అక్కడి నుంచి ఆంధ్రా చెరువులకు వచ్చింది. నది చేప కాబట్టి మూడడుగులు దాటి పెరుగుతుంది. రెండడుగుల తొట్టిలో దీన్ని పెట్టడమంటే ఎడ్లను బాత్‌రూములో కట్టేయడమే.

'పిరానా' అని అమ్మే ఎర్ర పొట్ట చేప కూడా చాలాసార్లు పిరానా కాదు, పాకూ. అదే మనం రూప్‌చంద్ అని వేయించుకుని తినేది. కాకపోతే పిరానా అంటేనే కుర్రాళ్లు కొంటారు. వేట చేపల పిచ్చి ఉన్నవాళ్లకు తొట్టి శుభ్రం చేస్తుందని అంటగట్టే మరో సరుకు 'క్లీనర్'.. నల్లటి గరుకు ఒళ్లు, గాజుకు అతుక్కునే నోరు. అది పాచి తినేదే, వేట చేప కాదు. కానీ తొట్టెల్లోంచి బయటపడి ఇప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల్లో వలలు చింపుతున్నది అదే. దెయ్యం చేప అని పేరు పెట్టారు. ముళ్ల పెంకు ఒళ్లు కాబట్టి వలలో చిక్కితే వల కోయాల్సిందే, తినడానికీ ఎవరూ ముందుకు రారు.

మే నెల గండం

చంద్రాపూర్‌లో చేపలు పెంచడమంటే సగం యుద్ధం ఎండతోనే. మే నెలలో 47 డిగ్రీలు దాటే ఊరు మనది. నీళ్లు వేడెక్కేకొద్దీ అందులో కరిగే గాలి తగ్గుతుంది. లీటరు నీటిలో 20 డిగ్రీల దగ్గర 9 మిల్లీగ్రాముల దాకా కరిగే ఆక్సిజన్ 35 డిగ్రీలకు 7 మిల్లీగ్రాముల దగ్గరకు పడిపోతుంది. అదే సమయంలో చేప ఒంటికి ఆక్సిజన్ ఎక్కువ కావాలి. కొర్రమట్టకు పైకొచ్చి గాలి మింగే వసతి ఉంది. ఆస్కార్‌కు లేదు.

ఊరి పక్కనే 2920 మెగావాట్ల థర్మల్ కేంద్రం పెట్టుకుని కరెంటు కోత గురించి రాయాలంటే నవ్వొస్తుంది గానీ, మధ్యాహ్నం రెండు గంటలు మోటారు ఆగితే పెద్ద చేప ఉన్న తొట్టిలో అదే చివరి రోజు కావచ్చు. బ్యాటరీతో నడిచే చిన్న గాలి పంపు వేసవికి ముందే కొని పెట్టుకోవాలి. తొట్టి మూత జాలీది అయితే, నీటి మీదుగా టేబుల్ ఫ్యాను గాలి ఆడేలా పెడితే ఆవిరవుతూ రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది, మన కూలర్ పని చేసే తీరే. ఐసు గడ్డలు ఒక్కసారి పడేయొద్దు. ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన సీసాను మెల్లగా తేలనివ్వాలి. వేడిలో మేత తగ్గించాలి. వేట చేప మూడు నాలుగు రోజులు తినకపోయినా ఏమీ కాదు. ఎక్కువ పెడితేనే ప్రమాదం.

నీళ్ల సంగతీ అంతే. మున్సిపాలిటీ నల్లా నీళ్లు నేరుగా పోస్తే క్లోరిన్ దెబ్బకు మొప్పలు కాలతాయి. ఒకరోజు బకెట్లో ఎండనివ్వాలి. కొత్త తొట్టిలో నీళ్లు పోసిన రోజే చేపను వదిలితే, రెట్టను కరిగించే మేలు చేసే సూక్ష్మజీవులు ఇంకా పుట్టి ఉండవు. అవి కుదురుకోవడానికి నాలుగైదు వారాలు పడుతుంది. కొన్న వారానికే చేపలు చచ్చాయని దుకాణం మీదికి గొడవకు పోయేవాళ్లలో ఎక్కువమందిది ఈ కథే. బరువూ చూసుకోవాలి. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర లోతు తొట్టి అంటే 255 లీటర్లు, అంటే నీళ్లే పావు టన్ను. పాత క్వార్టరులో చెక్క బల్ల మీద పెట్టే సరుకు కాదు.

ఇరైలో పడితే కాళేశ్వరం దాకా

చేప పెరిగింది, తొట్టి చాలదు. దుకాణంవాడు తిరిగి తీసుకోడు. చంపడానికి చేతులు రావు. అప్పుడు పుట్టే ఆలోచన ఒక్కటే.. 'పాపం, ఏట్లో వదిలేద్దాం. బతికిపోతుంది.'

దాచుకోవడం ఎందుకు, ఈ విలేకరీ వదలడానికి పోయినవాడే. పోయిన శీతాకాలం ఒక ఆదివారం పొద్దున్నే ఆస్కార్‌ను పెయింటు డబ్బాలో వేసుకుని స్కూటీ మీద ఇరై గట్టుకు పోయాను. రేవులో ఒక ఢీవర్ పెద్దాయన వల దులుపుకుంటున్నాడు. డబ్బాలోకి తొంగిచూసి మరాఠీలో అడిగిన ప్రశ్న చిన్నదే.. ఇది ఏం తింటుంది? చేపలు తింటుందన్నాను. ఆయన ఇంకేమీ అనలేదు. వల వైపు చూశాడు, నా వైపు చూశాడు. డబ్బా మూత పెట్టి ఇంటికి వచ్చాను.

మనం మరిచిపోయేది ఏమిటంటే, ఈ నీళ్లు చంద్రాపూర్‌లో ఆగవు. ఇరై పోయి వార్ధాలో కలుస్తుంది. వార్ధా, వైన్‌గంగ తుమ్మిడిహెట్టి దగ్గర కలిసి ప్రాణహిత అవుతాయి. ప్రాణహిత కాళేశ్వరం దగ్గర గోదావరిలో పడుతుంది. అంటే ఇక్కడ మనం దయతలచి వదిలిన చేప ఆసిఫాబాద్, మంచిర్యాల జిల్లాల్లో బెస్త, ముదిరాజ్ కుటుంబాల వలల దాకా పోవడానికి అడ్డేమీ లేదు. అక్కడ చాలామంది మన చుట్టాలే. తెలంగాణలో 2016లో మొదలైన ఉచిత చేప పిల్లల పంపిణీతో చెరువుల్లో వదిలేది రవ్వ, బొచ్చె లాంటి సాధు చేపల పిల్లలు. వేలెడు పిల్లల మధ్యకు అడుగు పొడవు వేటగాడు చేరితే లెక్క మారిపోతుంది.

ఎవరూ వదలకపోయినా వరద వదిలిస్తుంది. 2022 జూలైలో ఇరై పొంగి రహమత్‌నగర్ లాంటి పల్లపు బస్తీల్లో ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. మనుషులు సామాన్లు వదిలి పరుగెత్తే రోజున చేపల తొట్టిని ఎవరు చూస్తారు? కేరళలో 2018 ఆగస్టు వరదల్లో జరిగింది ఇదే. పెంపకం చెరువుల్లోంచి కొట్టుకుపోయిన అమెజాన్ అరపైమా చేపలు ఆ తర్వాత చాలకుడి నదిలో జాలర్ల వలలకు చిక్కాయి. కశ్మీర్ దాల్ సరస్సులో 2023 మేలో మొసలి మూతి ఉన్న చేప దొరికి కలకలం రేగింది. అది అమెరికా దేశపు అలిగేటర్ గార్. దానికి మన దేశంలో సరస్సులోకి సొంతంగా వచ్చే దారి లేదు, ఎవరో ఒకరి తొట్టి తప్ప. చిన్నప్పుడు జానెడు, పెరిగితే ఆరడుగులు దాటుతుంది.

మన ఊళ్లో నదే కాదు, రామాళా తలావ్ కూడా ఉంది. గోండు రాజుల నాటి చెరువు. మురుగు, గుర్రపుడెక్కతో నిండిన ఆ చెరువును బాగు చేయాలని 2021లో ఎకో-ప్రో అధ్యక్షుడు బండూ ధోత్రే నిరాహార దీక్షకు దిగితే ఊరంతా కదిలింది. అట్లాంటి చెరువులోకి డబ్బాలు వంచి పోయేవాళ్లు కూడా మనలోనే ఉంటారు.

కొర్రమట్టే అక్కడ దొంగ

పరాయి చేప మన నీళ్లకు చేటు అని చెబుతున్నాం కదా, తిరగేసి చూద్దాం. అమెరికాలో మేరీలాండ్ రాష్ట్రం, క్రాఫ్టన్ అనే చిన్న ఊరు. 2002లో అక్కడి చెరువులో ఎవరూ చూడని చేప దొరికింది. విచారిస్తే తేలిందేమిటంటే, ఒకాయన జబ్బు పడిన చెల్లెలికి పథ్యం పులుసు కాచిపెడదామని ప్రాణంతో ఉన్న రెండు చేపలు తెప్పించాడు. చేపలు వచ్చేసరికి ఆమెకు నయమైంది. వాటిని ఇంట్లో తొట్టిలో పెట్టుకున్నాడు. పెరిగాయి. మేపలేక చెరువులో వదిలాడు. ఆ రెండూ పెట్టిన పిల్లలు వందల్లో బయటపడ్డాయి. చివరికి చెరువంతా మందు చల్లి ఉన్న చేపలన్నిటినీ చంపాల్సి వచ్చింది. రెండేళ్లకు, 2004లో, పొటోమాక్ నదిలోనూ అదే జాతి దొరికింది. నదిలో మందు చల్లలేరు కదా.. ఇప్పటికీ అక్కడ ఉంది.

ఆ చేప ఏదో కాదు. చైనా వైపు కొర్రమీను. మన కొర్రమట్టకు దాయాది. ఆ దెబ్బకు 2002లోనే అమెరికా కొర్రమీను కుటుంబం మొత్తాన్ని, మన రాష్ట్ర చేపతో సహా, హానికర జాతుల జాబితాలో పెట్టింది. ప్రాణంతో తీసుకెళ్తే నేరం. డాలస్‌లోనో, న్యూజెర్సీలోనో ఉన్న మన పిల్లలకు కొర్రమీను పులుసు కావాలంటే గడ్డకట్టిన ముక్కలే గతి. ఇక్కడ గౌరవం, అక్కడ దొంగ పేరు. చేప మారలేదు, నీళ్లు మారాయి.

మన దేశం మాత్రం చూస్తూ ఊరుకుందా అంటే, ఆఫ్రికా మార్పు చేప ఉదంతం ఉంది. థాయ్ మాగుర్ అంటారు. కేంద్రం 2000లోనే పెంపకాన్ని నిషేధించింది. అయినా దొంగచాటుగా సాగుతుంటే 2019లో జాతీయ హరిత ట్రైబ్యునల్ మళ్లీ ఆదేశాలు ఇవ్వాల్సి వచ్చింది. 2022లో సవరించిన వన్యప్రాణి సంరక్షణ చట్టం పరాయి దురాక్రమణ జాతులను అదుపు చేసే అధికారం కేంద్రానికి ఇచ్చింది. ఇదే సవరణ ఇంట్లో అరుదైన విదేశీ జీవులు ఉన్నవాళ్లు వివరాలు నమోదు చేయాలంటోంది. 2024 ఫిబ్రవరిలో నిబంధనలు వచ్చాయి, నమోదు పరివేశ్ పోర్టల్‌లో. చేపల పిచ్చి ఉన్నవాళ్లు ఇక్కడ గమనించాల్సింది ఆసియా అరోవానా. ఎరుపు, బంగారు రంగుల్లో ఉండే ఆ రకం అంతర్జాతీయ వ్యాపార ఒప్పందంలో అత్యంత కఠినమైన మొదటి అనుబంధంలో ఉంది. గుర్తింపు పొందిన ఫారాల్లో పుట్టి, ఒంట్లో చిప్, చేతిలో పత్రం ఉన్నదే చట్టబద్ధం. 'కాగితాలు అక్కర్లేదు అన్నా' అని ఎవరైనా అంటే, అక్కడే ఆగిపోవాలి. తాడోబా అభయారణ్యం నీళ్లలోంచి ఏ చేప పట్టినా నేరమేనన్నది ఈ ప్రాంతంలో ఎవరికీ చెప్పనక్కర్లేదు.

మరేం చేయాలి?

పెరిగిన చేపను ఏం చేయాలో కొనకముందే తేల్చుకోవాలి. కొనే ముందు దుకాణంలో అడగాల్సింది ధర కాదు, 'పెద్దయ్యాక తిరిగి తీసుకుంటావా?' అని. కొందరు తీసుకుంటారు, బదులు చిన్న చేపలు ఇస్తారు. ఊళ్లో పెద్ద తొట్టి ఉన్నవాళ్లు ఒకరికొకరు తెలిసే ఉంటారు, దుకాణాల్లో అడిగితే దారి దొరుకుతుంది. ఏ దారీ లేక, చేప జబ్బుతో తీసుకుంటుంటే, లవంగ నూనె కలిపిన నీళ్లలో మత్తుగా ప్రాణం పోనివ్వడం పశువైద్యులు ఒప్పుకునే పద్ధతి. వినడానికి బాధగానే ఉంటుంది. మోరీలో పడేయడం కన్నా, ఏట్లో వదలడం కన్నా అదే నయం.

వేట చేపే కావాలనుకునేవాళ్లకు ఈ విలేకరి సలహా అడిగితే, ఒక్క ఫారం చేప, నాలుగడుగులకు తగ్గని తొట్టి, బిగువైన మూత. తోడు చేపలు వద్దు. ఆస్కార్‌కు మనిషి ముఖం గుర్తుంటుంది, తోడు మనమే. మన నేల చేపే ముద్దు అనుకుంటే హేచరీ కొర్రమట్ట పిల్ల. బాగా మేపితే ఏడాదిలో కిలో దగ్గరకు వస్తుంది కాబట్టి తొట్టి సంగతి ముందే చూసుకోవాలి. అది చాలదనిపించిన రోజున మన కొర్రమట్టకు ఇంకో దారి ఎట్లాగూ ఉంది, బాపు ఉంటే మసాలా నూరమనేవాడు.

మా ఆస్కార్ ఇప్పుడు బల్లార్‌పూర్‌లో ఒక స్నేహితుడి ఇంట్లో ఉంది. అయిదడుగుల తొట్టి. అక్కడికి చేర్చడానికి నెలన్నర పట్టింది. పది మందిని అడిగాను, ముగ్గురు 'కూర వండుకో' అన్నారు. బిడ్డ నెలకోసారి చూడటానికి పోతుంది. గాజు మీద వేలు పెడితే ఇంకా వెంట తిరుగుతూనే ఉంది. పోయినసారి మాత్రం బిడ్డ ఇంటికొచ్చి ఆ పాత నాలుగు గప్పీల సంగతి అడిగింది.